లోహసిద్ధియు నాగార్జునుడును: జగ్గయ్యపేట సాక్ష్యము

కథలలోని లోహమునకు లోకములోని లోహమునకు లేని శక్తులుండును. ఒక రాయి తాకినంతనే ఇనుము బంగారమగును. రసము సేవించినవాని మెడపై పడిన కత్తి తునుకలగును. రాగిరేకుపై గీసిన గీతలు భూతమును నిలువరించును. బాలింత మంచము క్రింద నుంచిన ఇనుపముక్క గాలిని, ధూళిని దరిజేరనీయదు. ఈ మాటలను విని నవ్వుట సులభము. నమ్ముట అంతకంటె సులభము. ఈ రెండును చేయక, ఇట్టి కల్పనలకొక నియమమున్నదా, ఉన్నచో ఆ నియమమెక్కడినుండి వచ్చినది అని విచారించుట చరిత్రకారుని పని. ఈ వ్యాసమున మేము చేయబూనినది అదియే.

ఈ విచారణకు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతమును ఎన్నుకొనుటకు కారణము కలదు. పాలేరు, మునేరు పారునట్టి ఈ మెట్టసీమ చిరకాలము కృష్ణాజిల్లాలో పశ్చిమభాగముగా నుండి, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జగ్గయ్యపేట పూర్వనామము బేతవోలు. అమరావతి ప్రభువగు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్యపేర ఇచ్చట పేటను కట్టించెను. ఊరిచేరువనున్న బౌద్ధస్తూపపు గుట్టకు జనులు పెట్టిన పేరు 'ధనబోడు'. ధనమున్న గుట్ట యని ఆ పేరు చెప్పకయే చెప్పుచున్నది. ఆ గుట్టపై దొరకిన శిల్పములలో ఒకదానియందు ఆకాశమునుండి నాణెములు కురియుచున్నవి. అచ్చటి శాసనములలో ఒకదానియందు నాగార్జునాచార్యుని పేరు కలదు. నాగార్జునుడన్నంతనే మనకు స్ఫురించునది రాళ్ళను బంగారముగా మార్చిన సిద్ధుడు. ఇట్లు ధనబోడు, నాణెముల వాన, నాగార్జునుడు అను మూడును ఒకచోట కూడుటచే, జగ్గయ్యపేట స్వర్ణవిద్యకు పుట్టినిల్లని పలుకుటకు ఎవరికైనను మనసగును.

మేమును ఒకప్పుడు తరగతిలో ఆ విధముగనే చెప్పితిమి. పాఠము ముగియగానే వెనుకవరుసలోని విద్యార్థి యొకడు లేచి, "మాస్టారూ, ఆ శాసనములో రసమను మాట ఎక్కడున్నదండీ?" అని యడిగెను. లేదు. రసము లేదు, బంగారము లేదు, లోహమను మాటయే లేదు. ఆనాడు మేము చెప్పిన సమాధానము సమాధానము కాదు. ఈ వ్యాసమును ఆ ప్రశ్నకు ఆలస్యముగా వ్రాసిన జవాబుగా పాఠకులు గ్రహింతురు గాక.

మొదట శిలలు చెప్పుచున్నదేమో చూతము. జగ్గయ్యపేట స్తూపమును జేమ్స్ బర్జెస్ 1882లో త్రవ్వించి, అమరావతి స్తూపముతో కలిపి 1887లో గ్రంథము ప్రకటించెను. ఆతడు వచ్చునాటికే ఇటుకలకొరకును, పలకలకొరకును జనులు స్తూపమును చాలవరకు పెల్లగించియుండిరి. మిగిలిన పలకలలో మిక్కిలి ప్రసిద్ధమైనది చక్రవర్తి శిల్పము. క్రీ.పూ. 1వ శతాబ్ది ప్రాంతపుదని పండితులు నిర్ణయించిన ఈ పలక నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో కలదు. పొడవైన సన్నని విగ్రహము. చేయి పైకెత్తి మేఘమును తాకుచున్నట్లుండును. మేఘమునుండి చదరపు నాణెములు రాలుచుండును. చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము, మణి, స్త్రీ, గృహపతి, మంత్రి అను సప్తరత్నములు. ఈ చక్రవర్తి మాంధాత యని పండితుల తలంపు.

మాంధాత కథ దివ్యావదానమున కలదు. ఆతడు కోరగా అంతఃపురమున ఏడుదినములు బంగారము కురిసెను. అయినను ఆతనికి తృప్తి కలుగలేదు. దీవులను జయించెను, స్వర్గమునకేగి ఇంద్రుని అర్ధాసనమునెక్కెను, ఆసనమంతయు తనదే కావలెనని తలచిన క్షణముననే భూమిపై బడి మరణించెను. శిల్పిచెక్కిన నాణెములను గమనింపదగును. అవి చదరపువి. ఆనాడు బజారులో చెల్లుచుండిన ముద్రాంకిత నాణెములలో చదరపువి అనేకములు కలవు. అనగా ఆకాశము కురిసిన ధనముకూడ ఊరి అంగడిలోని ధనమువలెనే యుండెను. కల్పన ఎంత యెత్తునకెగసినను, దాని రూపము మాత్రము చేతిలోని వస్తువునుండియే వచ్చినది. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మున్ముందు ఇది మరల మరల కానవచ్చును.

చక్రవర్తి చక్రమునుగూర్చి బౌద్ధశాస్త్రమున ఒక చక్కని తారతమ్యము కలదు. వసుబంధుని అభిధర్మకోశము చక్రవర్తులను నలుగురినిగా విభజించెను. ఇనుపచక్రము గలవాడు ఒక ద్వీపమును, రాగిచక్రము గలవాడు రెండింటిని, వెండిచక్రము గలవాడు మూడింటిని, బంగారుచక్రము గలవాడు నాలుగింటిని ఏలును. జయించు రీతియు భిన్నమే. బంగారుచక్రము గలవానికి ఇతరరాజులు తామే ఎదురువచ్చి లొంగుదురు. వెండిచక్రము గలవాడు తాను వారికడకు పోవలెను. రాగిచక్రము గలవాడు పోయి కలహమునకు సిద్ధపడవలెను. ఇనుపచక్రము గలవాడు ఆయుధము ఝళిపింపవలెను. అయినను నలుగురును ప్రాణివధ చేయరు. లోహము ఎంత శ్రేష్ఠమైన, బలప్రయోగమంత తక్కువ. తుప్పు పట్టని బంగారము ప్రయత్నము లేకయే గెలుచును. నిత్యము పదునుపెట్టవలసిన ఇనుము నిత్యము బెదరింపవలెను. లోహముల సహజగుణములే రాజనీతిగా మారుట ఇందు స్పష్టము.

మన కల్పనలలోని మొదటి నియమము ఇదియే: లోహములకు వర్ణక్రమము కలదు; పై మెట్టునకెక్కుట శక్తి, క్రిందికి దిగుట పతనము. ఇనుమును బంగారముగా మార్చు కథలన్నియు ఈ మెట్లను ఎక్కు కథలే.

ఇక శాసనములు. ఇక్ష్వాకురాజగు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున, అనగా క్రీ.శ. 3వ శతాబ్దిలో, ఈ స్తూపపు తూర్పువాకిట ఐదు ఆయకస్తంభములు నిలుపబడెను. నిలిపినవాడు రాజు కాడు, మంత్రి కాడు. 'ఆవేసని' యగు సిద్ధార్థుడు. ఆవేసని యన పనివారలలో ముఖ్యుడు, శిల్పి. ఆతని తండ్రి నాగచంద్రుడును ఆవేసనియే. చేతిపని చేసి బ్రతుకు కుటుంబము తల్లి నాగిలను, భార్యను, పిల్లలను తలచుకొని సర్వసత్త్వముల హితసుఖములకై చేసిన దానమది.

నందిగామ ప్రాంతముననే అల్లూరులో దొరకిన ప్రాకృతశాసన మింకొకటి కలదు. పూర్వశైలీయ భిక్షువులకు ఒక మహాతలవరుడు చేసిన దానముల పట్టిక అది. భూములు, ఆవులు, సేవకులు, పాతకార్షాపణముల శాశ్వతనిధి మొదలగువానితోపాటు కడాయిలు, కంచుపాత్రలు, యవనుల దేశపు తీరునగల దీపములు ఇందు పేర్కొనబడినవి. ఈ సీమలోని శాసనములలో లోహము చేయు మహిమ ఇది: గంజి కాచును, అన్నము వడ్డించును, రాత్రివేళ వెలుగిచ్చును. స్వర్ణవిద్య ప్రసంగమే లేదు.

శాతవాహనులు ఇదే దేశమున సీసముతోను, రాగి తగరము సీసము కలిసిన మిశ్రలోహముతోను విస్తారముగా నాణెములు ముద్రించిరి. శిల్పమున ధనము ఆకాశమునుండి కురియుచున్న కాలముననే, నేలపై సంతబేరము సీసపు బిళ్ళలతో సాగినది. కల్పనకు బంగారము కావలెను. బ్రదుకునకు సీసము చాలును.

నాగార్జునుని పేరుగల శాసనము వేరు. ఇది ఒక బుద్ధవిగ్రహ ప్రతిష్ఠకు సంబంధించినది. భదంత నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడు. ఆతని శిష్యుడు చంద్రప్రభుడు. ఈ చంద్రప్రభుడు విగ్రహమును చేయించెను. లిపినిబట్టి దీనిని క్రీ.శ. 6వ శతాబ్ది ప్రాంతమునకు చేర్చుచున్నారు. గురువునకు శిష్యుడు, శిష్యునకు ప్రశిష్యుడు. వాక్యమున చెప్పినది ఇంతే. మాధ్యమిక దర్శనకర్తయగు నాగార్జునుడు క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతపువాడు. ప్రశిష్యుడు నాలుగువందల యేండ్ల తరువాత జీవించుట సాధ్యము కాదు. కావున ఈ శాసనపు ఆచార్యుడు ఆ పేరుగల మరియొకడని చెప్పుట న్యాయము. రససిద్ధుడగు నాగార్జునుని కాలమో యింకను క్రిందిది. క్రీ.శ. 1030 ప్రాంతమున వ్రాసిన అల్బెరూని, సోమనాథమునకు చేరువనున్న దైహకమున నాగార్జునుడను రసాయనవేత్త తనకు నూరేండ్లకు లోపుగా జీవించెనని చెప్పినాడు. ఒక్క పేరు, ముగ్గురు మనుష్యులు. పేరు ఒకటైనంతమాత్రమున మనిషి ఒకడు కాడు.

మరి దార్శనికుడు స్వర్ణకర్త ఎట్లయ్యెను? ఈ మార్పు మిక్కిలి పూర్వమే ఆరంభమైనది. 7వ శతాబ్దిలో మనదేశమునకు వచ్చిన చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ఒక కథ చెప్పినాడు. శాతవాహనరాజు నాగార్జునునికై కొండను తొలిపించి విహారము కట్టించుచుండగా బొక్కసము ఒట్టిపోయెను. నాగార్జునుడు దివ్యౌషధము చిలకరింపగా పెద్దబండలు బంగారమయ్యెను. ఆ బంగారముతో విహారము పూర్తియయ్యెను. ఇచ్చట బంగారము ఆచార్యుని సుఖమునకు కాదు, నిలిచిపోయిన పనికి. ఔషధముచే రాజునకు దీర్ఘాయువు కలుగుటయు, యువరాజు రాజ్యమునకై నాగార్జునుని శిరస్సు యాచించుటయు, ఆచార్యుడు గడ్డిపోచతో తన కంఠమును తానే కోసికొనుటయు ఆ కథలోని తరువాతి భాగములు.

సోమదేవుని కథాసరిత్సాగరము ఇదే కథను మరియొక రీతిని చెప్పినది. చిరాయువను రాజు, నాగార్జునుడను మంత్రి, జీవహరుడను యువరాజు. రసాయనముచే గట్టిపడిన నాగార్జునుని మెడపై కత్తులు వమ్మయ్యెను. అంతట ఆతడే ఒక చూర్ణమును కత్తికి పూయించెను. అప్పుడు మెడ తెగెను. ఉక్కు ఔషధసిద్ధమైన దేహమును కోయలేదు. కోయవలెనన్నచో ఉక్కునకును ఔషధము కావలెను. ఇదియొక నియమము. కథకుడు మహిమను అంగీకరించెను గాని, నియమమును తప్పలేదు.

15వ శతాబ్దికి ఈ కథ తెనుగున శ్రీశైలమునెక్కినది. గౌరన తన నవనాథచరిత్రమను ద్విపదకావ్యమున శ్రీశైలమును బంగారుకొండ చేయబూనిన సిద్ధుని కథ చెప్పెను. ఆ ప్రయత్నము దేవతల కోపమునకు గురియై సిద్ధుని వధతో ముగియును. చీనాయాత్రికుని కథలో కొన్ని బండలు బంగారమయ్యెను, విహారము నిలిచెను. గౌరన కథలో కొండయంతయు బంగారము కావలసివచ్చెను; చేయబూనినవాడే నిలువలేదు. బంగారము కొండంతయైనచో దానికి విలువ యేమి? కథకులు ఈ ప్రశ్నను అర్థశాస్త్రపు మాటలతో అడుగలేదు, విష్ణుచక్రముతో అడిగిరి.

కథలకు నియమములున్నవని తేలినది. ఇక ఆ నియమములకు మూలము వెదుకుదము. రసశాస్త్రగ్రంథములలో ఆ మూలము దొరకును. రసరత్నసముచ్చయము లోహములను మూడు తెగలు చేసినది. బంగారము, వెండి, రాగి, ఇనుము శుద్ధలోహములు. సీసము, తగరము పూతిలోహములు. ఇత్తడి, కంచు, వర్తలోహము మిశ్రలోహములు. పూతి యన దుర్గంధము. కరగించునప్పుడు వెలువడు వాసనచే ఆ పేరు వచ్చినదందురు. ఇది కొలిమియొద్ద కూర్చున్నవాడు చేసిన విభాగము గాని, మంత్రశాస్త్రము చేసినది కాదు.

మిశ్రలోహములయెడ గ్రంథకర్తల శ్రద్ధ గమనింపదగినది. ఎనిమిదిపాళ్ళు రాగి, రెండుపాళ్ళు తగరము కలిపిన కంచు వచ్చునని చెప్పిరి. నేటి గంటలకు వాడు కంచులో తగరము నూటికి ఇరువది, ఇరువదిరెండు పాళ్ళుండును. రాగి మెత్తనిది, తగరము ఇంకను మెత్తనిది; రెండును కలిసినంతనే గట్టిదై, ఖంగున మ్రోగు మూడవది పుట్టును. తల్లిదండ్రులిద్దరియందును లేని స్వరము బిడ్డయందు కలిగినది. ఇంతకు మించిన మాయ కథలలోనైనను కలదా?

ఇత్తడిని రీతికయనియు కాకతుండియనియు రెండు విధములుగా చెప్పిరి. కాల్చి పులిసిన గంజిలో ముంచినప్పుడు రాగిరంగు తేలినది రీతిక, నల్లనైనది కాకతుండి. పులుపునకు ఇత్తడి మారునన్న సంగతి మన వంటయిండ్లలో అందరెరిగినదే. ఇత్తడిగిన్నెకు కళాయి లేనిచో చింతపండుపులుసు కిలుమెక్కును. అమ్మమ్మలు ఎరిగినది, రసవాదులు పరీక్షగా వ్రాసిరి.

పంచలోహమను మాటను మనము నేడు విగ్రహములకును, కడియములకును వాడుచున్నాము. శిల్పుల సంప్రదాయమున అందు రాగి ప్రధానము. బంగారము, వెండి స్వల్పము. రసరత్నసముచ్చయము మాత్రము కంచు, రాగి, ఇత్తడి, ఇనుము, సీసము అను ఐదింటి కలయికయగు వర్తలోహమునకే పంచలోహమను పేరు కలదని చెప్పినది. అందు బంగారము లేదు, వెండియు లేదు. అది వంటపాత్రల లోహము. ఒకే పేరు గుడిలో ఒక అర్థమును, ఇంటిలో ఒక అర్థమును పొందినది. శక్తి లోహమునందున్నదా, పేరునందున్నదా యను సందేహము ఇచ్చట కలుగక మానదు.

ఇనుమును ముండము, తీక్ష్ణము, కాంతము అని విభజించిరి. కాంతమనగా అయస్కాంతగుణము గలది. భ్రామకము, చుంబకము, కర్షకము మొదలగునవి అందలి భేదములు. కాంతపాత్రకు చెప్పిన పరీక్షలు వినోదకరములు. అందలి నీటిపై నూనెచుక్క పరచుకొనదు. కాచిన పాలు శిఖరమువలె లేచునుగాని పొంగి పొరలవు. ఇంగువ వాసన కోల్పోవును. వేపకషాయము చేదు విడుచును. వీనిలో అతిశయోక్తి కలదు. అయినను పరీక్ష లేక నమ్మవలదను బుద్ధి అంతకంటె ముఖ్యము. మన తెలంగాణమున కోనసముద్రము మొదలగుచోట్ల మూసలలో తయారైన ఉక్కు పారసీకమువరకు పోయి ఖడ్గములయినది. అట్టి పనివారి దేశమున ఇనుమునకు అద్భుతగుణములు కల్పించుట వింత కాదు.

రెండవ నియమము, కలయికవలన క్రొత్తగుణము పుట్టునన్నది. మూడవది, వేధ. పాదరసమునకు స్వేదనము, మర్దనము, మూర్ఛనము మొదలుగా పదునెనిమిది సంస్కారములు చేసినచో అది ఇతర లోహములను 'వేధించి' బంగారము చేయునని రసవాదుల మతము. తనకు నూరురెట్లు లోహమును మార్చునది శతవేధి, వేయిరెట్లు మార్చునది సహస్రవేధి. కోటివేధివరకు లెక్క సాగినది. తాకినంత మాత్రమున మార్చునది స్పర్శవేధి. మన పరుసవేది ఈ మాటయొక్క తద్భవరూపమే. రసమును మొదట లోహముపై పరీక్షించి, పిమ్మటనే దేహముపై ప్రయోగింపవలెనని రసార్ణవము శాసించినది. బంగారము గమ్యము కాదు. ఔషధమునకు గీటురాయి మాత్రమే.

తెనుగున పరుసవేది కథలలో ప్రసిద్ధమైనది ఓరుగంటి కథ. ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రమున, కాకతి ప్రోలరాజు కాలమున బండిచక్రపు ఇనుపకమ్మి ఒకచోట రాతిని తాకి బంగారమగుటయు, ఆ రాయి స్వయంభూలింగమని తెలియుటయు, దానిచుట్టును నగరము వెలయుటయు వర్ణింపబడినవి. హ్యూన్‌త్సాంగ్ కథలో బంగారము విహారమును నిలిపెను; ఇచ్చట నగరమును నిలిపెను. శూన్యమైన బొక్కసము, కట్టవలసిన పెద్ద కట్టడము, నడుమ ఒక మహిమ. రాజ్యము ఇంత ధనము ఎక్కడ తెచ్చెనను ప్రజల ప్రశ్నకు పరుసవేది ఒక జవాబు. చెరువులవలనను, సేద్యమువలనను, వర్తకమువలనను వచ్చిన సుంకములు నిజమైన జవాబు; కాని సుంకములు కథకు పనికిరావు.

ఇక అసలు రహస్యము. రసకమను ఖనిజమును రాగితో ముమ్మారు పుటము వేసినచో రాగి బంగారమగునని నాగార్జునునిపేర వెలసిన రసగ్రంథమున కలదు. ఆచార్య ప్రఫుల్లచంద్రరాయి 1902లోను, 1909లోను రెండు సంపుటములుగా వెలువరించిన హిందూరసాయనశాస్త్ర చరిత్రలో ఇట్టివానిని వెలికి తెచ్చెను. రసకమన తుత్తునాగపు ఖనిజము. తుత్తునాగము 907 డిగ్రీల సెంటిగ్రేడువద్దనే ఆవిరియగును. రాగి కరగుటకు 1085 డిగ్రీలు కావలెను. తెరచిన కొలిమిలో రసకమును బొగ్గుతో కాల్చిన తుత్తునాగము పొగయై పోవును. మూసలో రాగితోపాటు మూసివేసి కాల్చిన, ఆ ఆవిరి రాగిలో ఇంకును. మూస తెరచినప్పుడు కనబడునది పసుపుపచ్చని ఇత్తడి. నూటికి పదునైదు, ఇరువదిపాళ్ళు తుత్తునాగమున్న ఇత్తడి కంటికి బంగారమే. తుత్తునాగమను లోహము వేరుగా నున్నదని యెరుగనివానికి, రాళ్ళపొడి రాగిని బంగారము చేసినదని తోచుట సహజము.

తక్కిన మహిమలకును ఇట్టి పునాదులే కలవు. పాదరసము బంగారమును 'మ్రింగును'. రసవాదులు దీనిని గ్రాసమనిరి. ఆ ముద్దను రాగిపై పూసి కాల్చిన, 357 డిగ్రీలవద్ద మరగు పాదరసము పోయి బంగారుపూత మిగులును. మైలుతుత్తము కరగిన నీటిలో ఇనుపమేకును ముంచిన, ఎఱ్ఱని రాగిపొర పట్టును. ఇనుము రాగియైనట్లే యుండును. మంటరంగునుబట్టి లోహమును పోల్చవచ్చునని, రాగికి నీలిమంట, తగరమునకు పావురపురంగు మంట అని రసార్ణవము చెప్పినది. ఇవి చూచిన కన్నులు చెప్పిన మాటలు. చూచినదానిని వర్ణించుటలో వారు అసత్యవాదులు కారు. దానికి చెప్పిన కారణమునందే పొరబడిరి.

కావున మా నిర్ణయమిది. కథలలోని లోహమహిమకు నియమములు కలవు. ఆ నియమములు కొలిమినుండి వచ్చినవి. తారతమ్యము తుప్పునుండియు, కలయిక కంచునుండియు, వేధ ఇత్తడినుండియు పుట్టినవి. బాలింత మంచముక్రిందనున్న ఇనుపముక్కకూడ పదును గల కొడవలికి, కమ్మరి సమ్మెటకు గల గౌరవమునుండియే వచ్చినదని మా యూహ. నాలుగవ నియమమొకటి కలదు, అది వెల. మాంధాత పడిపోయెను, నాగార్జునుడు తల యిచ్చెను, శ్రీశైలసిద్ధుడు హతుడయ్యెను. పెద్దన మనుచరిత్రములోని ప్రవరుడు పాదలేపముతో హిమాలయమునకెగసెను గాని, మంచునీట లేపము కరగగా తిరుగుదారి లేక విలపించెను. మహిమ దేనితో వచ్చునో దానితోనే పోవును. ఈ హద్దును మన కథకులు ఎన్నడును మరువలేదు.

మరచినవారు శ్రోతలు. ఈ మరపువలన కలిగిన నష్టము చిన్నది కాదు. అమరావతి దీపాలదిన్నెను 18వ శతాబ్ది చివర వేంకటాద్రినాయుని మనుష్యులు ఇటుకలకును, రాళ్ళకును, నిధికిని త్రవ్విరి. 1816లో కల్నల్ మెకంజీ తిరిగివచ్చి చిత్రములు వ్రాయించునాటికి స్తూపమధ్యము గోయియై చెరువుగా మారియుండెను. ధనబోడును బర్జెస్ చూచునాటి స్థితి పైన చెప్పితిమి. నేటికిని గుప్తనిధులకై పాడుపడిన గుళ్ళను, దిబ్బలను రాత్రివేళ త్రవ్వువారి వార్తలు తెలుగునాట వినబడుచునే యున్నవి. 'రైస్ పుల్లర్' అను పేర, ఇరిడియము కలిసిన రాగిపాత్ర బియ్యపుగింజలను లాగుకొనుననియు, కోట్లకు అమ్ముడుపోవుననియు నమ్మించి దోచుకొనువారు కలరు. రాగి గాని ఇరిడియము గాని గింజను లాగవు. ఈ మోసగాండ్రు పరుసవేది కథనే అమ్ముచున్నారు. అందలి వెలను మాత్రము కథనుండి తొలగించి, కొనువానిచేత కట్టించుచున్నారు.

రసవాదియైనను తన బంగారమును గంజిలో ముంచి చూచెను, నిప్పులో వేసి చూచెను, ఒరగల్లుపై గీచి చూచెను. చరిత్ర చెప్పువారికి ఆపాటి జాగ్రత్తయైనను వలదా? జగ్గయ్యపేటకు ఘనత కల్పించుటకై మూడు కాలముల నాగార్జునులను ఒక మూసలో పోసి కరగించినచో వచ్చునది కంటికి బంగారమువలె మెరయు ఇత్తడి. దానికంటె ధనబోడుపై నిజముగా దొరకినది మేలు: తండ్రి పనినే నేర్చిన ఒక పనివాడు, తన తల్లి పేరు ముందుంచి నిలిపిన ఐదు స్తంభములు, తన గురువును, గురువునకు గురువును మరువని ఒక శిష్యుడు చేయించిన విగ్రహము.

శాసనములో రసమను మాట ఎక్కడున్నదని అడిగిన విద్యార్థికి ఇప్పుడు జవాబు చెప్పగలము. లేదు నాయనా. లేనిది లేదని చెప్పుటయే ఆ శాసనమునకు మనము చేయగల గౌరవము.